ఇంజిన్ మెత్తబడింది, సీటు గట్టిపడింది: నియో విమానాలపై ఒక పొడుగాటి మనిషి రివ్యూ

నా ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. విమానం సీట్ల గురించి రాసే ప్రతివాళ్లూ ముందు ఈ ముక్క చెప్పి మొదలుపెడితే చదివేవాళ్లకి చాలా గందరగోళం తప్పుతుంది. నా ఉద్యోగం రైస్ మిల్లుల్లో సార్టెక్స్ మిషన్ల సర్వీసు. బియ్యం జారుతుంటే కెమెరా చూస్తుంది, నల్ల గింజో రాయో కనబడితే గాలి ఊది పక్కకి తోసేస్తుంది, అదీ మిషను. మిల్లులు రాయపూర్ చుట్టుపక్కల, బర్ద్వాన్ వైపు, కర్నాల్ వైపు ఎక్కువ. అందుకని హైదరాబాద్ నుంచి రాయపూర్, కోల్‌కతా, ఢిల్లీ విమానాలు తెగ ఎక్కుతుంటాను. టికెట్ ఆఫీసువాళ్లే తీస్తారు, అన్నిట్లోకీ చవకైనదే తీస్తారు.

నేను ఎక్కువగా ఎక్కే ఎయిర్‌లైన్ కొన్నేళ్లలో ఎయిర్‌బస్ కంపెనీ పాత ఏ320 విమానాలని దాదాపు వదిలించుకుని, కొత్త రకం ఇంజిన్లు బిగించిన ఏ320 నియోలకి, ఆ తర్వాత ఇంకా పొడవైన ఏ321 నియోలకి మారింది. పేరు రాయను. నేను మార్కులు వేస్తున్నది విమానానికి, అందులో సీట్లు పేర్చిన తీరుకి. ఈ రెండూ వేరు వేరు. ఎయిర్‌బస్ తయారుచేసి ఇచ్చింది ఒకటి, ఎయిర్‌లైన్ దాన్ని నింపుకున్న పద్ధతి ఇంకొకటి. మొదటిది నిజంగా బాగుంది. రెండోదాని సంగతి నా మోకాళ్లని అడగాలి.

ముందు చప్పుడు. పాత ఏ320లో రెక్క వెనకాల కూర్చుంటే టేకాఫ్ అప్పుడు పక్కవాళ్లతో మాట్లాడాలంటే చెవి దగ్గరికి వంగాల్సిందే. నియోలో మామూలు గొంతుతో మాట్లాడొచ్చు. ఎందుకో గేటు దగ్గర అద్దంలోంచి ఇంజిన్ మూతి చూస్తేనే తెలిసిపోతుంది. పాత సీఎఫ్ఎం56 ఇంజిన్‌లో ముందు తిరిగే ఫ్యాను అడ్డుకొలత 173 సెంటీమీటర్లు. నియోకి బిగించే లీప్ ఇంజిన్‌లో అది 198, ప్రాట్ అండ్ విట్నీ పీడబ్ల్యూ1100జీలో 206. అంటే పాత ఫ్యాను నాకంటే పొట్టి, కొత్తవి రెండూ నాకంటే పొడుగు. కొంచెం గాలిని మహా వేగంగా తోస్తే చెవులు చిల్లులు పడతాయి. ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తే అంత బలమూ తక్కువ చప్పుడుతో వస్తుంది. పాత ఇంజిన్‌లో నడిమి మంటలోకి పోయే గాలికి 5, 6 రెట్లు గాలి పక్కనుంచి వెళ్లేది, పీడబ్ల్యూ1100జీలో దాదాపు 12 రెట్లు వెళ్తుంది. పైగా ప్రాట్ వాళ్లు ఫ్యానుకీ, దాన్ని తిప్పే టర్బైనుకీ మధ్య గేర్‌బాక్సు పెట్టారు. టర్బైను మూడు చుట్లు తిరిగితే ఫ్యాను ఒక్క చుట్టు తిరుగుతుంది. గేర్‌బాక్సు అన్నది ఎంత పాత సంగతి! విమానం ఇంజిన్‌లో అంత బలాన్ని మోసి నిలబడేది తయారుచెయ్యడానికే వాళ్లకి ఏళ్లు పట్టింది.

ఈ ఇంజిన్‌కి సొంత శబ్దం ఒకటుంది. స్టార్టయ్యేటప్పుడు కింది స్థాయిలో సాగే బొంగురు మూలుగు. మొదటిసారి విన్నవాళ్లు కిటికీలోంచి రెక్క వైపు చూస్తారు. భయపడే పని లేదు, దాని గొంతే అంత. అదికాక, రన్‌వే వైపు వెళ్లేటప్పుడో గేటు దగ్గరో కాళ్ల కిందనుంచి రంపంతో కోస్తున్నట్టు ఆగి ఆగి ఒక చప్పుడు వస్తుంటుంది. అది హైడ్రాలిక్ వ్యవస్థల్లో ఒకదాని ఒత్తిడి తగ్గితే రెండోదాని బలం దానికి అందించే పంపు. పాత ఏ320లోనూ అంతే, నియోలోనూ అంతే. పక్క సీటు ఆవిడ ఒకసారి "ఏవండీ, కింద ఏదో ఊడిపోతున్నట్టుంది" అంటే ఈ పంపు సంగతంతా చెప్పాను. టెన్షన్ తగ్గినట్టు కనిపించలేదు గానీ విన్నారు.

పైకి వెళ్లాక మాత్రం పాతకీ కొత్తకీ తేడా తగ్గిపోతుంది. ముప్పై అయిదు వేల అడుగుల దగ్గర లోపల మనకి వినబడేదాంట్లో ఎక్కువ భాగం ఇంజిన్ కాదు, విమానం ఒంటిని ఒరుసుకుంటూ పోయే గాలి, తలమీద ఏసీ. వాటికి ఏ ఇంజిన్ అయినా ఒకటే. పైగా ఇంజిన్ నోరు మూసుకునేసరికి ఇన్నాళ్లూ దాని కింద అణిగిపోయిన చప్పుళ్లన్నీ బయటికొచ్చాయి. మూడు వరుసల వెనక ఇయర్‌ఫోన్స్ లేకుండా నడిచే రీల్స్, ట్రాలీ చక్రం కిచకిచ, ముందు సీట్లో ఇద్దరు చేపల చెరువు లీజు గురించి ఆడుకునే బేరం. ఇవి ఎయిర్‌బస్ చేతిలో లేనివి. నిద్రపోవాలనుకుంటే రెక్క కంటే ముందు వరుసల్లో కూర్చోండి. ఇంజిన్ శబ్దం వెనక్కి పోతుంది కాబట్టి ఏ విమానంలోనైనా అక్కడే నయం.

పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చే అవకాశం నాకు అనుకోకుండా వచ్చింది. ప్రాట్ ఇంజిన్లలో కొన్ని భాగాలకి వాడిన లోహపు పొడిలో లోపం ఉందని 2023లో బయటపడింది. తనిఖీల కోసం ఇంజిన్లు దించాల్సి వచ్చి, మన దేశంలోనూ డజన్ల కొద్దీ నియోలు నేలకే పరిమితమయ్యాయి. ఖాళీ పూడ్చడానికి పాత విమానాలు అద్దెకి తెచ్చారు. అలా ఒక చలికాలం ఢిల్లీ రూట్లో నాకు మళ్లీ పాత ఏ320 తగిలింది. గోడ ప్యానెల్ ఒకటి దారి పొడవునా గడగడలాడింది, టేకాఫ్ అప్పుడు పళ్లు బిగించాల్సి వచ్చింది, రీడింగ్ లైటు వెలగలేదు. కానీ సీటు! మందపాటి మెత్త, నడుము దగ్గర ఆనే వంపు, బటన్ నొక్కితే వెనక్కి వాలింది. ఢిల్లీలో దిగి కర్నాల్ దాకా కార్లో వెళ్లినా నడుము నొప్పి లేదు. నియోలో వచ్చిన రోజుల్లో మిల్లుకి చేరాక ముందు కాసేపు నిలబడే మాట్లాడతాను.

సీటు ఎందుకిలా తయారైంది? బరువు ఒక కారణం, చోటు ఇంకో కారణం. సన్నటి సీటైతే ఒక్కోటి కొన్ని కిలోలు తగ్గుతుంది, దాన్ని దాదాపు రెండొందల సీట్లతో హెచ్చించండి. వెనక భాగం పల్చనైతే వెనకవాడి మోకాలికి ఒకటి రెండు అంగుళాలు దొరుకుతాయి, కాబట్టి వరుసలు దగ్గరికి జరిపినా బయటికి తెలియదు. ఇందులో ఒక మంచి ఆలోచన ఉందని ఒప్పుకోవాలి. పాత సీట్లకి పత్రికలు పెట్టే సంచి సరిగ్గా మోకాళ్ల ఎత్తులో ఉబ్బి ఉండేది, కొత్తవాటిలో దాన్ని ట్రే పైకి మార్చారు. నా జేబులో కొలత టేపు ఎప్పుడూ ఉంటుంది కనక పెట్టి చూశాను. ముందు సీటు వెనక అంచు నుంచి నా సీటు వెనక అంచు వరకు 28 అంగుళాల మీద కొంచెం. పాతదాంట్లో 30 వచ్చింది. అయినా మోకాళ్ల దగ్గర రెండంగుళాల తేడా తెలియలేదు, పల్చటి సీటు ఆ లోటు కొంత పూడ్చింది. తెలిసింది కిందనే. గంట దాటాక ఆ పల్చటి మెత్త అణిగి లోపలి చట్రం తొడలకి తగులుతుంది. మన వెనక పిల్లవాడు మోకాలు ఆనించినా అది మోకాలో బొటనవేలో చెప్పగలం.

సీటు వెనక్కి వాలకపోవడం గురించి జనం పెట్టే గొడవతో మాత్రం నేను ఏకీభవించను. ఈ సీట్లని తయారీలోనే కాస్త వాల్చి బిగించేస్తారు, ఇక కదలవు. గంటన్నర, రెండు గంటల ప్రయాణంలో ఇది నాకు వరం. ముందు కూర్చున్న పెద్దమనిషి భోజనం ట్రే పెట్టుకున్నాక ఒక్కసారిగా నా మీదికి వాలే బెడద లేదు, ల్యాప్‌టాప్ తెర విరుగుతుందన్న భయం లేదు. పొడుగాటివాళ్లందరూ రహస్యంగా ఇదే అనుకుంటారని నా అనుమానం.

కానీ అదే సీటు నాలుగు గంటల రాత్రి ప్రయాణానికి పనికిరాదు. ఓసారి పప్పుల ఫ్యాక్టరీ పని మీద దుబాయ్ వెళ్లి, హైదరాబాద్‌కి తెల్లవారుజామున దిగే విమానంలో తిరిగి వస్తున్నాను. బోయింగ్ వాళ్ల కొత్త 737 మ్యాక్స్. పక్కన జగిత్యాల వైపు పెద్దాయన, డ్యూటీ దిగి నేరుగా ఎయిర్‌పోర్టుకి వచ్చినట్టున్నాడు, కళ్లు మూతలు పడుతున్నాయి. చేతిపట్టె కింద తడిమి తడిమి అడిగాడు: "సార్, గీ సీటు ఎన్కకు వంగుతలేదు. బటన్ యాడుంది?"

"బటన్ లేదన్నా. ఇది ఇంతే."

"గట్లెట్ల? పోయినప్పుడు ఎక్కింది పాతది, అది వంగింది. ఇది కొత్తదంటిరి గద!"

నా దగ్గర జవాబు లేదు. పైగా బోయింగ్ 737 లోపలి వెడల్పు 3.53 మీటర్లు, ఏ320ది 3.70. వరుసకి ఆరుగురే కూర్చునేది రెండింట్లోనూ. ఏ320లో సీటు 18 అంగుళాలు ఉండే చోట 737లో 17 దగ్గర ఆగిపోతుంది. మనిషికి ఒక అంగుళమే కదా అనిపిస్తుంది, వెడల్పాటి భుజాలు ఉన్న ముగ్గురు మగవాళ్లు ఒకే వరుసలో పడేదాకా. ఆ రాత్రి పెద్దాయన నా భుజం మీదే నిద్రపోయాడు, నేను కదల్లేదు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి ఏళ్ల తరబడి గల్ఫ్‌కి వెళ్లొచ్చే జనానికి దొరికే కొత్తదనం ఈ రూట్లలో ఇలా ఉంటే, కొత్త విమానం అని బోర్డు పెట్టుకోవడంలో అర్థం లేదు.

ఇక టాయిలెట్. ఏ320లో మొదట 180 సీట్లు, 30 వరుసలు. తర్వాత 186 సీట్ల అమరిక వచ్చింది, ఒక వరుస ఎక్కువ. ఆ ఆరు సీట్ల చోటు ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? వెనక వంటగది, టాయిలెట్లు ఉండే భాగం నుంచి. పూర్వం వెనక తలుపుల ముందు అటొకటి ఇటొకటి టాయిలెట్లు ఉండి, వంటగది చిట్టచివరి గోడ పొడుగునా ఉండేది. స్పేస్‌ఫ్లెక్స్ అనే ఈ కొత్త అమరికలో టాయిలెట్లని కూడా ఆ చివరి గోడకే నెట్టి, వంటగదిని వాటి పక్కనే ఇరికించారు. ఎయిర్‌బస్ ఇచ్చే ఎంపికల్లో ఇదొకటి, తీసుకోవాలా వద్దా అన్నది ఎయిర్‌లైన్ ఇష్టం. నేనెక్కే ఎయిర్‌లైన్ తీసుకుంది. విమానం తోక వైపు సన్నబడే చోట కప్పు వంగి ఉంటుంది కదా, నాలాంటివాళ్లు తల వంచకుండా నిలబడలేరు. మూల బేసిన్‌లో రెండు చేతులూ ఒకేసారి పట్టవు. ఒక చెయ్యి కడుక్కుని, ఇంకో చెయ్యి కడుక్కుని, ప్యాంటు మీద పడ్డ నీళ్లు ఆరేదాకా కూర్చున్నాక కాళ్ల మీద బ్యాగు పెట్టుకుని పరువు కాపాడుకోవాలి. బయట క్యూలో ఉన్నవాళ్లు నేరుగా సిబ్బంది పని చేసుకునే చోట నిలబడతారు. టీ పోసుకుంటున్న అమ్మాయి "సార్, కొంచెం పక్కకి" అని ప్రతి నిమిషానికీ అనాలి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మలాంటివాళ్లకి అందులో తిరగడం కష్టం కాదు, అసాధ్యం. అమ్మని తీసుకెళ్లేటప్పుడు ముందు వరుస సీటుకి డబ్బు కట్టి ముందున్న టాయిలెట్ వాడుకుంటాం.

పైన సామాను అరలు బాగున్నాయి. కొత్తగా వచ్చే ఏ321 నియోల్లో పెద్ద అరలు ఉంటున్నాయి, ట్రాలీ బ్యాగుని పడుకోబెట్టకుండా నిలువుగా పక్కకి తిప్పి పెట్టొచ్చు. పాత అరలతో పోలిస్తే 60 శాతం ఎక్కువ బ్యాగులు పడతాయని ఎయిర్‌బస్ చెప్పుకుంటుంది, నాకు ఆ మాట నమ్మబుద్ధేసింది. ఇదివరకు ఆఖర్న ఎక్కితే నా బ్యాగు ఎక్కడో పది వరుసల అవతల దొరికేది. కాకపోతే నియో అయిన ప్రతిదాంట్లోనూ ఈ అరలు లేవు, మొదట్లో వచ్చినవి పాత అరలతోనే వచ్చాయి. రంగు లైట్ల గురించి చెప్పడానికేం లేదు, సాయంత్రం నీలం, దిగేముందు నారింజ, ఫొటోలకి బావుంటాయి.

కొత్త విమానంలో చెవులు దిబ్బళ్లు వెయ్యవని, గొంతు ఎండదని మా సీనియర్ గట్టిగా వాదిస్తారు. ఆయన ఎక్కింది బోయింగ్ 787 అయి ఉంటుంది. దాని ఒళ్లు కార్బన్ ఫైబర్‌తో చేసింది కాబట్టి లోపలి గాలి ఒత్తిడిని 6,000 అడుగుల ఎత్తులో ఉన్నంత ఉంచగలరు, తేమ కూడా కాస్త ఎక్కువ ఉంచగలరు. ఏ320 నియో అల్యూమినియం ఒళ్లుదే. పాతదానిలాగే లోపలి ఒత్తిడి 8,000 అడుగుల దాకా పోతుంది. 737 మ్యాక్స్ కూడా అంతే. కొత్త రెక్క కొనలు, కొత్త ఇంజిన్ వచ్చినంత మాత్రాన చెవులకి ఒరిగేది లేదు. నీళ్ల సీసా నింపుకుని ఎక్కండి.

ఏ321 నియో గురించి విడిగా ఒక మాట. ఇది ఏ320 కంటే దాదాపు 7 మీటర్లు పొడవు. అంతా ఎకానమీయే పేర్చితే మన దగ్గర 232 మంది దాకా పడుతున్నారు, నడిచే దారి మాత్రం అదే ఒక్కటి. గాల్లో ఉన్నంతసేపూ ఇబ్బంది తెలీదు. ఏరోబ్రిడ్జికి తగిలించి ముందు తలుపు ఒక్కటే తీసినప్పుడు ముప్పై దాటిన వరుసల్లో ఉన్నవాళ్లకి తెలుస్తుంది. శంషాబాద్‌లో దిగి పుష్పక్ బస్సు కళ్లముందే వెళ్లిపోవడం చూసేది మేమే. బస్సుల దగ్గర ఆపి మెట్లు వేస్తే వెనక తలుపు కూడా తీస్తారు, అప్పుడు వెనక వరుసలవాళ్లదే రాజ్యం. ఏది పడుతుందో ముందే తెలిసే దారి లేదు కాబట్టి నేను మధ్య వరుసలు వదిలేసి అయితే మొదటి పది, లేకపోతే ఆఖరి అయిదు తీసుకుంటాను.

ఇదంతా ఎయిర్‌బస్ తప్పు కాదని చెప్పడానికి ఒక లెక్క చాలు. ఎయిర్ ఇండియా తన ఏ320 నియోల లోపలి భాగం మొత్తం మార్చి 164 సీట్లు పెట్టింది: 8 బిజినెస్, 24 ప్రీమియం ఎకానమీ, 132 ఎకానమీ. అదే పొడవు, అదే వెడల్పు ఉన్న విమానంలో 186 మందిని కూర్చోబెడుతున్నవాళ్లూ ఉన్నారు. ఇండిగో 2024 నవంబరులో ఢిల్లీ, ముంబై మధ్య మొదలుపెట్టిన స్ట్రెచ్ క్లాసులో ఏ321కి 12 వెడల్పాటి సీట్లు, వరుసల మధ్య 38 అంగుళాలు. అంటే చోటు ఉంది, అమ్మకానికి ఉంది. 2023లో ఇండిగో ఒకేసారి 500 ఏ320 కుటుంబం విమానాలకి ఆర్డరిచ్చింది, ఎయిర్ ఇండియా అదే ఏడాది 210 ఏ320, ఏ321 నియోలు, 190 మ్యాక్స్‌లు కొంటానంది. నేను రిటైరయ్యేదాకా నాకు రాసిపెట్టి ఉన్నవి ఇవే. అందుకే ఇంజిన్ గురించి మెచ్చుకున్నంత గట్టిగానే సీటు గురించి అడగాలి. టికెట్ మీద సామాను బరువు రాస్తారు, సీటు దూరం ఎందుకు రాయరు?

బుక్ చేసేటప్పుడు విమానం రకం చిన్న అక్షరాల్లో ఉంటుంది. 320 అంటే పాతది, 32ఎన్ అంటే ఏ320 నియో, 32క్యూ అంటే ఏ321 నియో, 7ఎం8 అంటే 737 మ్యాక్స్. ఆఖరి గంటలో మార్చేస్తారు, అయినా ఒక అంచనా వస్తుంది. గేటు దగ్గర రెక్క కొన పైకి వంగి ఉందని చూసి నియో అనుకోకండి, ఆ కొనలు పాతవాటిలో చివరికాలంలో వచ్చినవాటికీ ఉన్నాయి. ఇంజిన్ మూతి చూడండి.

అత్యవసర తలుపుల పక్కనుండే ఎగ్జిట్ వరుసలో సీటు కొనేముందు రెండు విషయాలు. ట్రే చేతిపట్టెలో దాచి ఉంటే ఆ సీటు కాస్త ఇరుకు అవుతుంది, లావుపాటివాళ్లు ఆలోచించుకోవాలి. తలుపు పక్క సీటులో కాళ్లు చల్లబడతాయి, చలికాలం ఢిల్లీ విమానానికి సాక్సులు మందంవి వేసుకోండి. కాళ్లు చాపుకునే సుఖం ముందు ఈ రెండూ లెక్కలోకి రావు. డబ్బు మాత్రం లెక్కలోకి వస్తుంది. "సీటు సెలక్షన్" అన్న పద్దు మా అకౌంట్స్ సెక్షన్ షీట్‌లో లేదట, బిల్లు పెడితే తిరిగొస్తోంది. రాయపూర్‌కి అయితే గంటన్నర లోపే, నా జేబులోంచి పెట్టను, ముడుచుకునే వెళ్తాను. కోల్‌కతాకీ ఢిల్లీకీ పెడుతున్నాను.